బెల్

అంచు దగ్గర పట్టుకో, అంది నెజ్మియే,
టీ గ్లాసు సన్న నడుం దగ్గర చురుక్కుమంటుంది.

నడుముకి వాళ్ళ మాట బెల్.
రెండు కొండలు వంగి
దారిచ్చే చోటు కూడా బెల్లే.

ఫోనులో డాక్టరు అడుగుతున్నాడు, నొప్పెక్కడ?
"బెల్లో."
చెయ్యి వీపు కింద,
చూపు కిటికీ అవతల.
మొన్న రాత్రి మూసుకుపోయింది కనుమ.
మంచు ఎత్తిపొయ్యడానికి రుక్నెత్తిన్
భుజాన వేసుకెళ్ళిన పార,
దాని పేరూ అదే.

నా భాషలో నడుముకి
చివరి కొమ్ము రాలితే నడుమ.
చెప్పాను.
ఆమె నవ్వలేదు.

గ్లాసులో కింది సగం ఇంకా వేడిగానే ఉంది.
ఇంకాస్త పోస్తానంటూ లేచి
మూడో గ్లాసు కూడా
కడిగి, తుడిచి,
మా ఇద్దరి నడుమ పెట్టింది.