ముందు చల్లనీళ్లు

పదమూడేళ్లుగా హార్బర్ ఐస్ ఫ్యాక్టరీలో
దిమ్మలు పగలగొట్టిన చేతులు నావి.
చలి తెలుసు వీటికి.
మంట సంగతి తెలీదు,
బీడీ అంటించుకున్నంత మేరకు తప్ప.

సత్యవేణికి కేజీహెచ్‌లో నైట్ డ్యూటీలు పడ్డాక
కోటవీధి మలుపులో బజ్జీల పొట్లమే
మా ఇద్దరికీ రాత్రి భోజనం.
మూడో వారం
"నాన్నా, కడుపులో మంట" అంది పైడి.
తొమ్మిదేళ్ల గుంటకి
కడుపులో మంటేమిటి?

పూర్ణా మార్కెట్లో చోళ్లు కొని పిండి పట్టించాను.
స్టూలేసి దాన్ని పొయ్యి ముందు నిలబెట్టి
పెళ్లిళ్ల వంటవాడిలా గొంతు సవరించుకున్నాను.
"నూక ఉడికిందా? ఇప్పుడు జాగ్రత్త.
పిండి తిన్నగా మరిగే నీళ్లలో పొయ్యకూడదు.
ముందు చల్లనీళ్లలో కలుపు.
వేళ్లతో వెతుకు, ఉండ తగిలితే చిదుము.
చలి తిన్న పిండే మంటకి నిలుస్తుంది."
ఆ చివరి మాట మాత్రం నాదే,
అప్పటికప్పుడు పుట్టింది.

అది తిప్పుతూనే ఉంది.
బుడగొకటి పేలి మణికట్టు మీద చిట్లితే
"ఓలమ్మో!" అంది గానీ
గరిటె వదల్లేదు.
దూరంగా ఓడ కూత వేసింది.
గిన్నెలో అంబలి చిక్కబడుతూ
గుడ్డిగా, మెల్లగా గుటకలేసింది.

"ఇవన్నీ నీకెలా తెలుసు నాన్నా?"
"ఎప్పట్నించో తెలుసు."
పకపకా నవ్వింది.
"నిన్న రాత్రి వార్డులోంచి అమ్మ ఫోన్లో చెప్తుంటే
కరెంటు బిల్లు వెనక రాసుకున్నావు.
దుప్పట్లోంచి చూశాను."

పొద్దున్న ఏడున్నరకి
చెప్పులు ఇంకా విప్పకుండానే గడపలో కూలబడింది సత్యవేణి.
మజ్జిగ కలిపి, ఉల్లిపాయ ముక్కలు వేసి
రెండు చేతులా గ్లాసు పట్టుకొచ్చింది పైడి.
ఒక్క ముక్కా ఇంకో ముక్కంత లేదు.
తాగింది. మధ్యలో ఆగింది.
పిండి ఉండ దొరికినట్టుంది,
నములుతూ నా వైపు చూసింది.
నేను కిటికీ వైపు చూశాను.

"అమ్మా, నీకూ నేర్పుతాను, విను.
ముందు చల్లనీళ్లు..."
ఎన్నడూ విననట్టు
కళ్లు పెద్దవి చేసుకుని వింది,
రాత్రంతా ఎవరెవరికో సెలైన్లు ఎక్కించి వచ్చిన మనిషి.
"మరి ఉప్పెప్పుడు?" అని అడిగింది కూడా.

ఆ కాగితాన్ని పైడి మెతుకులతో
పొయ్యి పక్క గోడకి అంటించేసింది.
కట్టాల్సిన తేదీ గోడ వైపుకి వెళ్లిపోయింది.
లైన్‌మేన్ వచ్చేదాకా
మాకెవ్వరికీ గుర్తు రాలేదు.
అతనికీ ఓ గ్లాసు ఇచ్చింది.