వై లేని కీబోర్డు

బైరాగి మావ దాన్ని తూకానికి కొన్నాడు,
కాశీబుగ్గ పాత ఇనుము కొట్టులో.
రెండు కేజీల నూటయాభై గ్రాములు,
ఛార్జరు విడిగా.
తిత్లీ తుపానునాడు ఎవరింట్లోనో నీళ్ళు తాగిన లాప్‌టాప్.
మూత తీస్తే ఇప్పటికీ ఓ మూల ఒండ్రు వాసన.

బ్యాటరీ ఉబ్బి ఎప్పుడో చచ్చింది.
వైరు కదిలితే ఆరిపోతుంది,
లేచిన ప్రతిసారీ
రెండువేల రెండు జనవరి ఒకటిన లేస్తుంది.
"దీని లెక్కన నువ్వింకా పుట్టనేలేదే ఢిల్లమ్మా"
అంటాడు మావ, స్పానరుతో వీపు గోక్కుంటూ.

సాహు గారి ఎస్టీమ్ వారంగా షెడ్డులోనే ఉంది.
ఖాళీగా ఉంటే పెళ్ళికొడుకులా పోతుంది,
నాలుగు జీడిపిక్కల బస్తాలు పడితే దగ్గు.
ప్లగ్గులు మార్చాం, ట్యాంకు కడిగాం,
మావ బానెట్ మీద చెవిపెట్టి చాలాసేపు విన్నాడు.
"రోగం ఇనుంలో లేదు. అంకెల్లో ఉన్నాది."

దాని ఇంజనుకి మునుపెవడో బిగించిన చిన్న పెట్టె ఉంది,
తొమ్మిది సూదుల తీగతో చెబితేనే వింటుంది.
కొత్త లాప్‌టాప్ వేటికీ
ఆ తొమ్మిది బెజ్జాల నోరు లేదు.

సాఫ్ట్‌వేరు విశాఖ నుంచి
బస్సు డ్రైవరు చొక్కా జేబులో వచ్చింది.
పంపిన కుర్రాడు ఫోన్లో నవ్వాడు,
"అక్కా, ఆ డబ్బాని మ్యూజియంలో పెట్టండి" అని.
మా పలాసలో మ్యూజియం ఎక్కడుందో నాకు తెలీదు.
షెడ్డు తెలుసు.

మొదటిసారి చోటు చాలలేదంది.
లోపల చూస్తే ఎవరిదో బారసాల,
ఆరువందల పన్నెండు ఫొటోలు.
చెరిపేశాను. ఒకటి ఉంచాను,
ఉయ్యాల్లోంచి ఒక కాలు మాత్రం కనబడేది.
ఎందుకో అడక్కండి.

రెండోసారి డెబ్బై ఒకటో శాతం దగ్గర
గేదె రోడ్డు మీద పడుకున్నట్టు పడుకుంది.
మావ దణ్ణం పెట్టాడు, తిట్టాడు, టీకి పోయాడు.

మూడోసారి, పాత రకం సాఫ్ట్‌వేరు.
నల్లటి తెర మీద ఒకే ప్రశ్న:
ఎక్కించమంటావా?
అవునంటే వై, కాదంటే ఎన్.

వై ఊడిపోయి ఎన్నేళ్ళయిందో.
అక్కడ ఉన్నది బొడ్డంత రబ్బరు, దాని చుట్టూ మట్టి.
నా వేలు పక్క అక్షరాల మీదే పడుతోంది.

అప్పుడే అమ్మ వచ్చింది, బట్టీ పొగ చీరతో,
అన్నం గిన్నె పట్టుకుని.
పదహారేళ్ళు పిక్కలు కొట్టిన వేళ్ళు,
జీడి తినేసి గీతల్లేవు.
నెలనెలా రేషను మిషను వాటిని చూసి
కాదు పొమ్మంటుంది.

"ఏటే అలగ మొగమేసినావు?"
చెప్పాను.
"ఇంతేనేటి" అని
నడుముకి దోపుకున్న పప్పు గీకే కత్తి తీసి,
తిరగేసి,
మొద్దు కొసతో ఆ బొడ్డు మీద నొక్కింది.

తెర కదిలింది.
అమ్మ అప్పటికే గిన్నె మూత తీస్తోంది.

తర్వాత అంతా గళ్ళు,
లుంగీ ఆరేసినట్టు తెరనిండా గళ్ళు, గడికో అంకె.
మావ వెనక సీటులో బస్తాలు వేసి
హైవే మీద తిప్పుతుంటే ఒళ్ళో పెట్టుకుని చూశాను.
బరువెత్తే గడిలో తిండి తక్కువగా ఉంది.
పద్నాలుగున్నరని పదమూడు చేశాను.
వంతెన ఎక్కేటప్పుడు దగ్గు రాలేదు.
మావ ఏమీ అనలేదు,
గేరు మార్చిన చేతిని
కాసేపు గేరు మీదే ఉంచాడు.

షెడ్డుకొచ్చాక తెర మళ్ళీ అడిగింది:
పని పూర్తవ్వాలంటే నన్ను ఆపి లేపాలి, ఇప్పుడేనా?
వై, ఎన్.

"ఎన్ కొట్టీ గుంటా" అన్నాడు మావ,
"పడుకుందంటే మరి లెగుస్తాదో లెగదో."

ఎన్ మాత్రం చెక్కుచెదరలేదు.
కొత్తదానిలా టక్కుమంది.