పదిలో ప

కాజీపేట రైల్వే గ్రౌండుల పొద్దుగాల
గడ్డి తక్కువ, గుల్కరాళ్లు ఎక్కువ.
ఒక దిక్కు పట్టాలు,
ఒక దిక్కు మడికొండ గుట్ట మీదికెల్లి గాలి.
పాల క్యాన్ దించుకుంట కొమురెల్లి కాక అడుగుతడు:
"ఏం బిడ్డా, గంజి వంచే సిబ్బి ఇసురుకుంటున్నరా?"
అవును కాకా, సిబ్బే.
ఇది చేతిల ఉన్నోళ్లు ఉరుకొద్దు,
ఉరికేటోళ్ల చేతిల ఇది ఉండది.
గంతే ఆట.

కాపలా నాకు నేర్పింది కోచ్ కాదు,
ధర్మసాగరం చెరువుల మావులు పెట్టే మా నాయిన.
అన్ని దిక్కులు మూస్తే చేప వెనుకకు మళ్లుతది బిడ్డా,
ఒక్క దిక్కు ఇడువు.
నీకు కావాల్సిన దిక్కు.
అందుకే జంపన్న ముందట అడ్డం నిలవడి
ఎడమ దిక్కు మొత్తం నా ఒళ్లుతోటి మూసి
కుడి దిక్కు ఇడిచిపెడుత.
అటు గాలి ఎదురు. అటే మొగిలి కాపు కాస్తున్నడు.
అది దారి కాదు, మావు నోరని
జంపన్నకు ఎరుకే.

వాళ్ల తెలివి వాళ్లది.
రేషన్ దుకాణం ముందట సంచులు పెట్టినట్టు
నడుమ నిట్టనిలువు వరుస కడుతరు,
రెండు పక్కల జాగ ఖాళీ.
హన్మకొండల పది గజాలు ఖాళీ ఉంటే
రాత్రికి రాత్రి కడీలు పాతుతరు.
ఈడ ఖాళీ జాగనే ఆస్తి,
దాంట్ల ఎవ్వరు నిలవడొద్దు.
వరుస చివరికెల్లి సుమలత ఉరికొస్తది,
మూడడుగులు లోతుకు పోయినట్టే పోయి
సర్రున మళ్లి చెయ్యి చాపుతది.
ఇస్తే సరి. ఇయ్యకుంటే అలగకుండ
వరుస తోకకు పోతది,
వెనుకున్నోళ్లకు బాట ఇడిచి.
ఉరుకుడు అందరికొస్తది. ఈ జరుగుడే రాదు.
మా జట్టుకు రెండేండ్లు రాలే,
పెండ్లిల ఐస్‌క్రీం కాడ లెక్క
అందరం ఒక్కకాడికే ఉరికి, నాకు, నాకు.

ఆఖరి పాయింటు. పన్నెండుకు పన్నెండు.
జంపన్న చేతిల సిబ్బి, నా నోట్ల లెక్క.
ఒకటి. రెండు. మడిమ తిప్పిండు, నేను తిరిగిన.
నాలుగు. సుమలత వచ్చింది,
యాకమ్మ నీడ లెక్క అంటుకున్నది.
ఆరు. వెనుకకు ఇద్దామని చూసిండు,
ఆడ మక్బూల్.
ఏడు కాడ రామగుండం బొగ్గు గూడ్సు వచ్చింది.
ఎనిమిది నాకే ఇనపడలే.
తొమ్మిది.
డబ్బాలు, డబ్బాలు, డబ్బాలు.

ఈ ఆటకు అంపైర్ లేడు.
పదిల "ప" అంటే చాలు, సిబ్బి మాది.
"ప" అనాల్నంటే పెదవులు కలవాలె, విడాలె.
కలిసినయి.
విడకముందే
వాని చెయ్యి నెత్తి మీదికెల్లి తిరిగింది,
సిబ్బి బోర్లపడి నా తల దాటి
నేను మూసిన దిక్కుకే పోయింది.
గీత అవుతల సుమలత వంగి పట్టింది.

గూడ్సు పోయింది.
అందరి చూపు నా మొహం దిక్కే.
"పదయింది గదా! అయింది గదా చెల్లె!"
మొగిలి అరుస్తున్నడు.
జంపన్న ఏమనలే.
అంతసేపు నా పెదవులనే చూసినోడు.

"కాలే" అన్న.

మొగిలి రెండు రోజులు మాట్లాడలే.
మూడో పొద్దు వచ్చి,
షూ లేసులు కట్టుకుంట, నా దిక్కు చూడకుండ అడిగిండు:
"గట్ల నెత్తి మీదికెల్లి ఏస్తే ఎట్ల ఆపాలె?"

మా నాయిననే అడిగిన.
వల చిక్కు తీసుకుంట అన్నడు,
"ఎగిరే చేపకు మావు లేదు బిడ్డా."