స, శ, ష

సుగుణరత్నం టీచరు
కూరల సంచిలో తెచ్చింది మైకుని,
గోంగూర కట్ట కిందనుంచి తీసి బల్లమీద పెట్టింది.
"రెండు వేల ఎనిమిది వందలు బాబూ,
పైకి పెళ్లికొడుకు.
నోరు తెరిస్తే పాము."

నిజమే.
అంధుల హాస్టలు పిల్లలకి
పదో తరగతి పాఠాలు చదివి పంపుతుంది ఆవిడ.
"శేషుడు" అనగానే
శేషుడే వస్తున్నాడు.
సకారం, శకారం, షకారం
ఒకే చిల్లులోంచి కారిపోతున్నాయి.
పిల్లలు బ్రెయిలీలో "సేసుడు" అని పొడిచారట.
ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పిన మనిషి
ఆ మాట చెప్తూ నా వైపు చూడలేదు.

పాలకొల్లులో, కాలవ గట్టున నా కొట్టు.
మా నాన్న గొట్టాల మైకులు బాగుచేసేవాడు.
ఊరంతా వినపడితే చాలు ఆయనకి.
నాకు ఒక్క చెవి ఒప్పుకోవాలి.

మరలు విప్పాను.
జాలీ రెండు వరసలు.
బయటిది మర్యాదకి, లోపలిది దండగ.
లోపలిది కత్తిరించేశాను.
దాని వెనక బంగారు పూత పూసిన పొర,
పక్కన పూతరేకు పెడితే దిబ్బరొట్టె అనిపిస్తుంది.
దాన్ని ముట్టుకోలేదు.
ఊపిరి బిగబట్టి పక్కకి జరిపాను.

దొంగ బోర్డు మీద ఉన్నాడు.
కందిబద్దంత సిరామిక్ కెపాసిటర్, గోధుమ రంగు,
కంపెనీవాడు గుప్పెళ్లతో కొన్న రకం.
కెపాసిటరంటే ఏంటంది టీచరు.
కిటికీలోంచి చూపించాను.
"ఆ తూము లాంటిదండి.
నిలవ నీటిని ఆపాలి,
అలని మాత్రం అవతలికి పంపాలి.
ఈ తూముకి నాచు పట్టింది."
"నాచు పడితే ష కాస్తా స అవుతుందా?"
"ఇంచుమించు."

దాని చోట పాలిస్టైరీన్ ముక్క వేశాను,
వెండి రంగుది, ఇరవై రెండు రూపాయలు.
కీచు దిగడానికి పక్కన ఇంకో చిన్నది.
ట్రాన్సిస్టర్లు పది తెప్పించి
ఒక్కోదాన్నీ రాత్రిపూట విన్నాను,
తొమ్మిది గుసగుసలాడాయి. పదోది వేశాను.

ఇక గాలి.
మా లంకల గాలికి తోడు వేలిముద్రలో ఉప్పు చాలు,
గిగా ఓముల దగ్గర కరెంటు దారి తప్పి
చిటపటమంటుంది.
స్పిరిట్‌తో మూడుసార్లు కడిగాను,
లేసు అల్లేటప్పుడు మా ఆవిడ
పెదాలు బిగిస్తుందే, అలా బిగించి.
"బియ్యం డబ్బాలో పెడదాం మావయ్యా" అన్నాడు ఏలియా.
నవ్వాను.
రాత్రికి బియ్యం డబ్బాలోనే పెట్టాను.

మర్నాడు టీచరు చదివింది.
"శేషుడు. సస్యము. విషము."
ఎవరి మెట్టు మీద వాళ్లు నిలబడ్డారు.
ఆవిడ మొహంలో పాత క్లాసుగది.
కానీ హెడ్‌ఫోన్ తియ్యలేదు,
ఇంకా ఏదో వింటోంది.

"వెనక ఆ గరగర?"
"రొయ్యల చెరువుల ఏరేటర్లండి, కాలవ అవతల."
"కిర్రుమన్నది?"
"మీ కుర్చీ."
"మరి ఇది?"

నేను చెప్పలేదు.
ప్రతి వాక్యం చివరా
ఛాతీలోంచి సన్నగా ఒక ఈల.
పాత మైకు ఇన్నాళ్లూ
తన బుస కింద దాచిపెట్టింది దాన్ని.

కాసేపటికి ఆవిడే అంది:
"అది నాదే."

"కంప్యూటర్లో కోసెయ్యొచ్చండి,
ఒక్కోటీ వెతికి."
"వద్దు.
పూర్ణవిరామం ఎక్కడుందో
పిల్లలకి ఎలా తెలుస్తుంది మరి?"

నాలుగు వందల అరవై అన్నాను.
ఐదొందలు ఇచ్చింది.
చిల్లర కోసం డ్రాయరు వెతుకుతుంటే
బల్లమీది ఆ గోధుమ రంగు ముక్కని
చిటికెన వేలితో దగ్గరికి లాక్కుని
కొంగు చివర ముడేసుకుంది.
సంచిలో గోంగూర పైకి సర్ది,
భీమవరం బస్సు ఎన్నింటికని అడిగింది.