నోట్లో మట్టి

సమ్మెకి ఆరో నెల.
గని కార్మికుల హాలు వెనక వంటగది,
రెండు రేకు తొట్లు, ఒకటే కుళాయి,
అరవై మందికి సూపు.

హెటీ ముసలమ్మ నా చేతికి కత్తి ఇచ్చింది.
వేరు దగ్గర తెగ్గొయ్యకు పిల్లా,
పొరలన్నీ ఎవరి దారిన అవి పోతాయి.
బొటనవేలెడు వదిలి, అక్కణ్ణుంచి నిలువునా చీల్చు.
ఇప్పుడు విప్పు, పేకముక్కలు విప్పినట్టు.

లీకు కాడ తెల్లగా ఉందిగా, కడిగేదేముంది అన్నాను.
తెల్లగా ఎందుకుందనుకున్నావ్?
ఎదిగేకొద్దీ మట్టి ఎగదోస్తారు, మెడదాకా.
ఎండ మొహం చూడని తెలుపది.
మా ఆయన వీపూ అంతే.

తలకిందులుగా పట్టి ఊపమంది.
మట్టి వచ్చిన దారినే పోవాలట.
మూడో నీళ్లకీ వేలికింద కరకర.
చాల్లే అనబోయాను.
మన నోట్లో మట్టి కొట్టడానికి లండన్‌లో బోలెడుమంది ఉన్నారు,
మనమూ ఓ చెయ్యి వెయ్యాలా? అంది.
నాలుగోసారి కడిగాను.

అప్పుడొచ్చాడు కత్బర్ట్ హెస్లప్,
దుప్పటి కప్పిన చేతిబండి తోసుకుంటూ.
మూడు లీకులు. ఒక్కోటి నా తొడంత.
నిరుడు వీటి అక్కలకి వాషింగ్ మెషీన్ బహుమతి వచ్చింది.
ఎవరైనా కోసేస్తారని నాలుగు సెప్టెంబర్లు
కుక్కతో పాటు షెడ్డులో పడుకున్నాడు.
ఏం పోసి పెంచుతాడో పెళ్లానికే తెలీదు.
ఆకులు పాలగుడ్డతో తుడుస్తాడని మాత్రం ఊరంతా తెలుసు.

పోటీకి ఇంకా మూడు వారాలుంది.

రుచికి పెంచలేదు, కొలతకి పెంచాను,
అన్నాడు, తప్పు చేసినవాడిలా.
హెటీ కత్తి అందించింది.
వేరు దగ్గర...
వేరు సంగతి నాకు చెప్తున్నావా హెటీ?
ఆమె పొయ్యి వైపు తిరిగింది.
చాలాసేపు కుళాయి చప్పుడే.
ఒక్కో పొరా ఎత్తి, కింద వేలు పెట్టి,
పిల్లల చెవుల వెనక తోమినట్టు తోమాడు.
చన్నీళ్లకి పిడికిళ్లు ఎర్రబడ్డాయి.

మధ్యాహ్నం నా పంటికింద ఒక ఇసుక రేణువు నలిగింది.
హెటీ వైపు చూశాను.
ఆమె దవడ కూడా ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది.
ఇద్దరం మింగేశాం.

వాన మొదలైంది. కత్బర్ట్ టోపీ తీసి
మూడు వేరు మొదళ్లూ అందులో వేసుకుని
బోడితలతో బండి తోసుకుంటూ పోయాడు.
దుప్పటి ఇక్కడే ఉంది.
రేపొచ్చి తీసుకుంటాడులే, అంది హెటీ,
దాన్ని మడిచి,
గిన్నెల కింద కాదు,
పై అరలో పెడుతూ.