బస్టాపు దగ్గర అడిగిన పేరు

భస్మ బుధవారం నాడు
పాదిరి నా నుదుట బూడిద రాస్తుంటే
నేను పాల క్యాన్ల లెక్క వేసుకుంటున్నాను.
ఇవాళ ఒప్పుకుంటున్నాను ఆ మాట.

తపస్కాలం నాలుగో వారం, చీకటితోనే
యాభై రెండుమందిమి బయల్దేరాం
మా సావ్ మిగేల్ దీవి చుట్టూ,
సముద్రాన్ని ఎడమచేతి వైపు ఉంచుకుని
ఎనిమిది రోజుల నడక.
భుజాన ఉన్ని శాలువా, మెడకు రుమాలు,
చేతిలో కర్ర, వేళ్ళ మధ్య జపమాల.
శాలువా నాది కాదు, మా మామది.
అలమారలోంచి తీసి దులిపితే
చిమటలు తిన్నచోట వెలుతురు కనబడింది.

ఆవుల్ని పక్కింటి ఆదెరితుకి అప్పగించాను.
డబ్బిస్తానన్నాను. వద్దన్నాడు.
ఆ "వద్దు" మూడు ఊళ్ళ దాకా
చెప్పులో రాయిలా గుచ్చింది నన్ను.

మాంసం మానడం నాకేం కష్టం కాదు.
వైన్ మానితే ఒళ్ళు తేలికైంది,
గర్వమే కాస్త బరువెక్కింది.
చేతకానిది ఒక్కటే:
పొద్దుగూకే వేళ పరాయి ఊరి చర్చి ముంగిట
వానలో తడుస్తూ నిలబడి
నన్నెవరు ఇంటికి పిలుస్తారా అని చూడడం.
ముప్పై ఏళ్ళుగా పాలు పోసిన చెయ్యి ఇది.
కింద గిన్నె పట్టడం దానికి అలవాటు లేదు.

మేస్త్రీ అంటాం మా గుంపు పెద్దని.
ఆయన నాకో పని ఒప్పజెప్పాడు.
దారిలో జనం ఆపి అడిగే ప్రార్థనలన్నీ మోయాలి.
"ఎంతమంది, అన్నలారా?" అంటారు గడపల్లోంచి.
"యాభై రెండు. ఏసు, మరియ, యోసేపులతో యాభై అయిదు."
"అయితే మీకు యాభై అయిదు మంగళవార్త జపాలు.
మా తమ్ముడి కళ్ళ కోసం అడగండి."
"ఈనలేకపోతున్న మా ఆవు కోసం."
"నాకోసం. కారణం అడక్కండి."
అన్నీ మోశాను. కాగితం తడిసిపోతే నోటితో మోశాను.

మూడోరోజు, బస్టాపు దగ్గర,
బేకరీ ఏప్రన్ కట్టుకున్న ఓ పిల్ల
ఏదో పేరు చెప్పింది.
అంతలో బస్సొచ్చింది. బ్రేకుల కీచులో
ఆ పేరు నలిగిపోయింది.
"సరే తల్లీ" అన్నాను.
వినకుండానే అన్నాను.
పిల్ల ముఖం విప్పారింది, బస్సు వెళ్ళిపోయింది,
మేం జపం అందుకుని నడిచాం.

ఆ రాత్రి నన్ను పిలిచిన ముసలమ్మ పేరు దెయొలిందా.
క్యాబేజీ చారు, మొక్కజొన్న రొట్టె,
గోరువెచ్చని నీళ్ళ పళ్ళెం.
నా బొబ్బల పాదాలు లాక్కుంటే
"నేను కడుక్కుంటానమ్మా" అన్నాను.
"ఊరుకో, నా ఉపవాసం చెడగొట్టకు" అంది.
తువాలుతో వేలూ వేలూ తుడుస్తుంటే
నాకెందుకో ఏడుపొచ్చి
బస్టాపు సంగతి చెప్పేశాను.

ఆమె చాలాసేపు ఏమీ అనలేదు.
దీపం వత్తి సరిచేసింది.
"దేవుడికి వినబడే ఉంటుంది.
నీకు వినబడలేదని
ఎవరికైనా చెప్పావా?"

పొద్దున్నే మేస్త్రీకి చెప్పాను, అందరూ వింటుండగానే.
ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది.
మంచులో క్రిప్టోమేరియా చెట్ల కింద
యాభై రెండుమంది మగవాళ్ళు మోకరిల్లి
వినబడని పేరు కోసం జపం చేశారు.
నా గొంతు వాళ్ళ గొంతుల మధ్య
ఎక్కడో ఉంది, ఎక్కడో తెలియలేదు.

ఆ తర్వాత ఎవరడిగినా నోరు జారేది:
"యాభై ఆరు."
మేస్త్రీ రెండుసార్లు సరిచేశాడు.
మూడోసారి విని కూడా ఊరుకున్నాడు.

ఇల్లు చేరాను.
ఈస్టరుకింకా రెండు వారాలుంది. ఆవులు ఆగవు.
తెల్లవారుజామున పాల క్యాను ఎత్తబోతే
గోడకవతల నుంచి ఆదెరితు
"ఒక పక్క నేను పట్టనా?" అన్నాడు.

అలవాటుగా "వద్దు" అనబోయి
పక్కకు జరిగాను.