సున్నా ఎక్కడ

పీణ్య రెండో ఫేజు, ఆఖరి షెడ్డులో
బస్సు వెనక ఇరుసు గొట్టం ఒకటి
తలకిందులుగా బిగించి ఉంది.
సెకనుకి నాలుగుసార్లు జాకీ ఏదో చెబుతుంది,
ఇనుము ఊఁకొడుతుంది.
తొమ్మిది రోజులుగా ఇదే కథ.
లెక్క ముప్ఫై లక్షలు దాటింది.

గంగహనుమయ్య వెల్డు చుట్టూ
పది డిగ్రీలకొకటి, ముప్ఫై ఆరు గేజీలు అతికించాడు,
ఒక్కోటి చింతాకంత.
పళ్ళ మధ్య టేపు ముక్క, ఊపిరి బిగబట్టి.
చివర్న నడినెత్తిన తెల్ల పెయింటుతో చుక్క పెట్టి
ఇది సున్నా అన్నాడు.
జాకీ చప్పుడులో వినపడలేదని
తర్వాత నాకు నేను చెప్పుకున్నాను.

మొదట గీసింది మామూలు గ్రాఫే.
అడ్డంగా కోణం, నిలువుగా నష్టం.
ఎడమ అంచున ఒక గుట్ట, కుడి అంచున ఒక గుట్ట,
నడుమ మూడొందల డిగ్రీల బయలు.
"రెండు చోట్ల బలహీనం" అని రిపోర్టు రాశాను.
లోబో గారు రెండు పట్టీలకి ఖర్చు కట్టి
నన్నే కోపంగా చూశారు.

రాత్రి డ్యూటీలో ఊసుపోక
మెనూలో పోలార్ అన్న మాట నొక్కాను.
గీత లేచింది. వంగింది.
చాప చుట్టినట్టు చుట్టుకుంటూ వచ్చి
మూడొందల అరవై
సున్నా పక్కన కూర్చుంది.
రెండు గుట్టలూ ఒక్క రేకయ్యాయి.
ఉన్నది ఒకటే చోటు.
దాన్ని నడిమికి కోసి
రెండంచులకీ పంచింది నేనే.

ఆ రేకు తప్ప వృత్తమంతా ఖాళీ.
ఒక్కటే అలిసింది, తక్కినవన్నీ హాయిగా ఉన్నాయి
అనుకుని ఊరుకోవచ్చు.
ఊరుకోలేక స్కేలు లాగ్‌కి మార్చాను.
అప్పుడు బయటపడింది హాయి సంగతి.
పదోవంతు, వందోవంతు, లక్షోవంతు,
ఏ దిక్కు చూసినా కొంచెం కొంచెం.
లాగ్ స్కేలులో సున్నా ఉండదు.
నట్టనడుమ చుక్క కూడా
ఎంతో కొంత అలిసిన చోటే.
ఈ వాక్యం రిపోర్టులో పెట్టకూడదు, తెలుసు.

తెల్లారి నాలుగున్నరకి
ఇనుము ఊఁకొట్టడం ఆపింది.

తెర మీద రేకు కుడివైపుకి చూపుతోంది.
టార్చి పట్టుకుని కుడివైపుకే వెళ్ళాను,
గడియారంలో మూడుండే చోటికి.
ఎర్ర రంగు పూశాను, తుడిచాను,
తెల్ల పొడి కొట్టి పది నిమిషాలు నిలబడ్డాను.
ఏమీ లేదు.
మళ్ళీ పూశాను.
సాఫ్ట్‌వేరు మీద కోపం, గేజీల మీద అనుమానం,
చెప్పకూడదు గానీ, ఆయన చేతుల మీద కూడా.

ఆయన ఫ్లాస్కు మూత తిప్పుతూ వచ్చి
తెరవంక తల పక్కకి వాల్చి చూశాడు,
గోడ మీద వంకరగా వేలాడే పటాన్ని చూసినట్టు.
ఏమీ అనలేదు.
పీట ఎక్కి తెల్లచుక్క పక్కన
బొటనవేలి గోరు మెల్లగా జరిపాడు.
గోరు ఆగింది.
"ఇల్లే ఇదె, నోడి మేడం."

సాఫ్ట్‌వేరుకి సున్నా కుడిచేతి పక్కన.
ఆయనకి సున్నా నడినెత్తిన.
సెట్టింగుల్లో దీనికో చిన్న గడి ఉంది.
ఆయన అడక్కుండానే చెప్పాడు,
అది అడిగితే గాని చెప్పదు.
నేను ఇద్దర్నీ అడగలేదు.

నెర్రె పొడవు పదకొండు మిల్లీమీటర్లు.
రెండు కొసలా మార్కరుతో గీతలు, తేదీ,
మా ఇద్దరి పొట్టి సంతకాలు.
"రెండు చోట్ల" కొట్టేసి "ఒక చోట" అని దిద్దాను.
లోబో గారు నవ్వడం ఆ ఏడాది అదే మొదలు.

పొద్దున జాలహళ్ళి క్రాసులో బస్సెక్కాను.
వెనక చక్రం మీది సీటు ఖాళీ,
ఎప్పుడూ అదే ఖాళీ.
తుమకూరు రోడ్డు గుంతలన్నీ
కింది నుంచి ఒక్కొక్కటే వచ్చి పలకరించాయి,
సెకనుకిన్ని అని లెక్క లేకుండా.
కాసేపు నేనే ఊఁకొట్టాను.
గొరగుంటెపాళ్యలో దిగాల్సింది,
కళ్ళు తెరిస్తే యశ్వంతపురం.